తుపాకి లైసెన్సుకు రెండు రాష్ట్రాలు: గోదావరి డెల్టాలో పాత చిక్కు మళ్లీ ఎందుకు లేచింది

ఎన్నికల మాట వినిపించిన ప్రతిసారీ గోదావరి డెల్టాలోని పోలీసు స్టేషన్లలో పోలింగ్ అయ్యేదాకా తుపాకులను డిపాజిట్ చేయించుకోవడానికి లైసెన్సు తుపాకుల జాబితాలు బయటికి తీస్తారు. జాబితాలో లేని తుపాకి ఊళ్లో ఒకటి ఉందని తేలితే ఆ పాత వాదన మొదటినుంచీ మొదలవుతుంది. లైసెన్సు హైదరాబాదులో తీసుకున్నది, మనిషి భీమవరం దగ్గరి ఊరివాడు, ఉద్యోగం ముగించుకొని సొంత ఇంటికి వచ్చి ఉంటున్నాడు. ఇది పొరుగు రాష్ట్రపు లైసెన్సు, అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చేవరకు ఆయుధాన్ని స్టేషన్లో పెట్టాలని అధికారులు అంటారు. నేను లైసెన్సు తీసుకున్ననాడు అది నా రాష్ట్రమేనని ఆయన అంటాడు. ఈ రెండో మాటను మొండితనంగా కొట్టిపారేయడం తేలికే. దాని వెనక ఉన్న చరిత్ర చూసినవారు మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు.

బ్రిటిషు పాలనలో వచ్చిన 1878 నాటి ఆయుధ చట్టం గురించి, దానిపై జాతీయోద్యమంలో వచ్చిన నిరసన గురించి, దాని స్థానంలో 1959లో చేసిన ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి రావడం గురించి చాలామంది రాశారు. వాటి జోలికి వెళ్లడం లేదు. ఇక్కడ అవసరమైన సంగతి ఒక్కటే. ఆయుధాలు, మందుగుండు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. చట్టమూ కేంద్రానిదే, నియమావళీ కేంద్రానిదే. డెల్టాలో ఇంటికొకరు అమెరికాలో ఉన్న ఊళ్లు ఉన్నాయి కనుక అక్కడి మాటలు ఇక్కడి చర్చలోకి తరచూ దిగుమతి అవుతుంటాయి. అక్కడ రాష్ట్రం మారితే చట్టమే మారిపోతుంది. 2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో అర్హులైన పెద్దలు పర్మిట్ లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు, న్యూజెర్సీలో కొనడానికే ముందుగా అనుమతి తీసుకోవాలి. మన దేశంలో రాష్ట్రం మారినంత మాత్రాన చట్టంలో ఒక్క అక్షరమూ మారదు. మారేది ఫైలు ఏ అధికారి బల్ల మీద ఉండాలన్నది, లైసెన్సు పుస్తకంలో రాసిన ప్రాంతం ఎంతవరకన్నది. మన చిక్కు మొత్తం ఈ రెండింటి చుట్టూనే తిరుగుతోంది.

కమిషనరేటు ఉన్న నగరాల్లో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనరు, మిగతా చోట్ల జిల్లా మెజిస్ట్రేటుగా కలెక్టరు. ఆయుధం ఏ ప్రాంతంలో చెల్లుతుందో పుస్తకంలో ఒక గడిలో రాస్తారు: జిల్లా, రాష్ట్రం, లేదా దేశమంతా. ఇల్లు మారి తుపాకిని వెంట తీసుకువెళ్లినవారు ముప్పై రోజుల్లోగా కొత్త చోటి అధికారికీ, లైసెన్సు ఇచ్చిన లేదా చివరిసారి రెన్యువల్ చేసిన అధికారికీ తెలియజేయాలని, అడిగితే పుస్తకాన్నీ ఆయుధాన్నీ చూపించి కొత్త చిరునామా నమోదు చేయించుకోవాలని 1962 నియమావళి నాటి నుంచే షరతు ఉంది. షరతు సరళమైనది, న్యాయమైనది కూడా. కాకినాడ నుంచి ఏలూరుకు మారినవారైనా, హైదరాబాదు నుంచి రాజమండ్రికి వచ్చినవారైనా రెండు దరఖాస్తులు రాసి, రసీదులు దాచుకుంటే సరిపోయేది. ఎందుకంటే రాష్ట్రమంతటా చెల్లే లైసెన్సు ఉన్నవారికి ఆ రాష్ట్రం ఆదిలాబాదు నుంచి ఇచ్ఛాపురం దాకా ఒకటే.

2014 జూన్ 2న మనుషులు ఇళ్లు మారలేదు. రాష్ట్రమే మారింది. నా దృష్టిలో ఈ వివాదానికి అసలు మలుపు ఆ రోజే. తర్వాత వచ్చినవన్నీ దాని కొమ్మలు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ఎన్నో చిన్న విషయాలను కూడా మరువకుండా పట్టించుకుంది. బస్సులు, లారీల పర్మిట్లు రెండు రాష్ట్రాల మధ్య ఆగిపోకూడదని, అప్పటికే ఉన్న పర్మిట్లు కొనసాగేలా ప్రత్యేకంగా ఒక ఏర్పాటు చేసింది. తుపాకి లైసెన్సుల గురించి అటువంటి వాక్యం అందులో లేదు. కేంద్ర చట్టం కింద ఇచ్చినవి కనుక అవసరం లేదనుకొని ఉండవచ్చు. కానీ వేలిముద్రలా చెరగని సిరాతో 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటా' అని హైదరాబాదులో రాసిన పుస్తకం ఒకటి మనిషి చేతిలో మిగిలిపోయింది. ఆ పుస్తకాన్ని ఇచ్చిన కార్యాలయం తెలంగాణలో ఉంది. అందులో పేర్కొన్న రాష్ట్రం పేరు ఇప్పుడు గోదావరి వైపున్న రాష్ట్రానిది.

లైసెన్సుదారుల వాదనకు బలం అదే చట్టంలోని 100వ సెక్షన్ నుంచి వస్తుంది. విభజనకు ముందు అమల్లో ఉన్న ఏ చట్టంలోనైనా ఆంధ్రప్రదేశ్ అన్న ప్రస్తావన ఉంటే, తగిన శాసనసభ మార్చేవరకు దాన్ని విభజనకు ముందటి మొత్తం భూభాగంగానే అర్థం చేసుకోవాలని ఆ సెక్షన్ చెబుతుంది. చట్టం అనే మాటలో నియమాలు, ఉత్తర్వులు, నోటిఫికేషన్లు కూడా చేరతాయి. అయితే ఒక వ్యక్తికి ఇచ్చిన లైసెన్సు చట్టబలం ఉన్న పత్రమా, కేవలం అనుమతి చీటీయా? అనుమతి మాత్రమేనని కార్యాలయాలు అంటాయి. అక్షరార్థంలో అది నిలబడే మాటే. అయినా ప్రభుత్వమే తాను రాసిన మాటకు అర్థం చెప్పవలసి వచ్చినప్పుడు, రాసిననాటి అర్థాన్ని వదిలి, పౌరుడికి నష్టం చేసే అర్థాన్ని ఎంచుకోవడానికి కారణం చూపాలి. ఆ కారణం ఇంతవరకు ఎవరూ కాగితం మీద పెట్టినట్టు నాకు కనిపించలేదు.

దీనికి తోడు కాలం కూడా కలిసిరాలేదు. అప్పట్లో లైసెన్సు గడువు మూడేళ్లు. 2012లో తీసుకున్నవారికి విభజన తర్వాత మొదటి రెన్యువల్ 2015లో వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే ప్రతి లైసెన్సుదారు వివరాలూ జాతీయ డేటాబేసులోకి ఎక్కాలని, అక్టోబరు 1 నాటికి విశిష్ట గుర్తింపు సంఖ్య లేని లైసెన్సు చెల్లదని కేంద్రం గడువు పెట్టింది. ఆ గడువును తర్వాత పొడిగించారు. కానీ ఫైలు ఉన్నచోట డేటా ఎక్కించడమే అప్పటి తొందర. పాత ఫైలు హైదరాబాదులో ఉంది కాబట్టి సంఖ్య అక్కడే పడింది, చిరునామా అక్కడిదే పడింది. మనిషి ఊరు చేరాడు, కంప్యూటరులో మాత్రం హైదరాబాదులోనే ఉండిపోయాడు.

తాడేపల్లిగూడెం వైపు ఊరికి చెందిన ఒక విశ్రాంత సైనికుడి లైసెన్సు పుస్తకాన్ని నేను చేతిలోకి తీసుకొని చూశాను. ఆ ప్రాంతంలో మిలిటరీ మాధవరం వంటి ఊళ్లు ఉన్నాయి, సైన్యంలో పనిచేసి వచ్చి బ్యాంకు గార్డులుగా చేరడం అక్కడ తరాల నుంచి ఉన్నదే. ఈయన దగ్గరున్నది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. 2012లో హైదరాబాదులో గార్డు ఉద్యోగం కోసం లైసెన్సు తీసుకున్నారు. 2015, 2018, 2021 రెన్యువల్ ముద్రలు మూడూ అక్కడివే. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ లైసెన్సు గడువును అయిదేళ్లు చేయడం వల్ల చివరి ముద్ర 2026 దాకా ఉంది. మూడు ముద్రల మీదా తెలంగాణ పేరు ఉంది, పక్క పుటలో ప్రాంతం గడిలో ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. మూడుసార్లు పుస్తకం తెరిచి ముద్ర వేసిన చేతులు ఆ గడిని ముట్టుకోలేదు. 2023లో ఆయన ఊరికి వచ్చారు. ఊరి స్టేషన్లో నోటిమాటగా చెప్పారు కానీ రెండు చోట్లకూ రాతపూర్వకంగా పంపలేదు. అది ఆయన తప్పే, ఆయనే ఒప్పుకుంటారు. ఆ నవంబరులో తెలంగాణ ఎన్నికలకు హైదరాబాదు స్టేషన్ నుంచి తుపాకి డిపాజిట్ చేయమని ఫోను వచ్చింది. ఊళ్లో ఉన్న తుపాకిని అక్కడికి తీసుకువెళ్లారు. పోలింగ్ అయ్యాక తెచ్చుకున్నారు. 2024 మే ఎన్నికలకు ఊరి స్టేషన్లో పెట్టారు. ఈసారి తిరిగి ఇవ్వడానికి ఎన్‌ఓసీ అడిగారు.

అధికారుల జాగ్రత్తకు కారణాలు లేకపోలేదు. దేశమంతటా చెల్లే లైసెన్సులను 2010లోనే కేంద్రం కట్టుదిట్టం చేసి, ఎంపీలు, సైనికులు, అఖిల భారత సర్వీసుల అధికారులు వంటి కొద్ది వర్గాలకు పరిమితం చేసింది. 2012 నుంచి 2016 మధ్య జమ్మూ కశ్మీర్‌లో 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అక్రమంగా ఇచ్చారన్న ఆరోపణలపై సీబీఐ దర్యాప్తు సాగాక, బయటి రాష్ట్రపు పుస్తకం కనిపిస్తే ప్రతి అధికారీ రెండుసార్లు చూస్తున్నారు. చూడవలసిందే. అయితే దొంగ లైసెన్సు అనుమానం వేరు, అసలు లైసెన్సుకు చిరునామా మారకపోవడం వేరు. చట్టం కూడా ఈ రెండింటినీ ఒకే గాటన కట్టలేదు. లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకుంటే ఆయుధ చట్టం 25వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, రెండేళ్లకు తగ్గకుండా అయిదేళ్ల వరకు జైలు. లైసెన్సు షరతు ఉల్లంఘిస్తే 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. ముప్పై రోజుల్లో తెలియజేయకపోవడం రెండో కోవలోది. స్టేషన్లలో వినిపించే హెచ్చరికలు మాత్రం ఎక్కువగా మొదటి సెక్షన్ పేరుతోనే ఉంటాయి.

ప్రాంతం గడికి ఉన్న బరువు డెల్టావాసులకు కొత్త కాదు. మన నడుమే యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉండి, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశంలో కలిసిన ఆ 30 చదరపు కిలోమీటర్ల నేల పుదుచ్చేరిలో భాగం. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న రాజధాని దానిది. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడేవరకు అమలాపురం లైసెన్సుదారుల కలెక్టరేటు కాకినాడలోనే ఉండేది. ఎదుర్లంక వారధి దాటి యానాం గుండా పోయే 216వ జాతీయ రహదారే వారికి దగ్గరి దారి. ఆంధ్రప్రదేశ్‌కే పరిమితమైన లైసెన్సు ఉన్న మనిషి రెన్యువల్ కోసం తుపాకితో బయలుదేరితే, దారిలో కొద్ది కిలోమీటర్ల మేర తన అనుమతి చెల్లని చోట నడవవలసి వచ్చేది, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి పోవలసి వచ్చేది. చుట్టు తిరిగి వెళ్లిన పెద్దలను నేను ఎరుగుదును. తాళ్లరేవు మండలం నుంచి యానాం వీధిలోకి కాపురం మార్చినవారికి కూడా, హైదరాబాదు నుంచి వచ్చినవారికి వర్తించే ముప్పై రోజుల షరతే వర్తిస్తుంది. పాలకొల్లు నుంచి బెంగళూరుకు వెళ్లిన కొడుకు తండ్రి తుపాకిని తన పేర మార్పించుకోవాలన్నా ప్రశ్న అదే. తండ్రికి డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం పాతికేళ్లుగా ఆయన పేర ఉన్నా వారసుడికి ఇవ్వడానికి 2016 ఆయుధ నియమావళిలో వీలుంది, కానీ కొడుకు నివాసం ఎక్కడన్నది ముందు తేలాలి.

తాడేపల్లిగూడెం సైనికుడి విషయంలో రెండు దరఖాస్తులూ ఆలస్యంగానైనా వెళ్లాయి. హైదరాబాదు వైపు కార్యాలయం ఆయుధాన్ని చూడకుండా ఎన్‌ఓసీ ఇవ్వనంటోంది, ఇక్కడి స్టేషన్ ఎన్‌ఓసీ లేకుండా ఆయుధాన్ని విడువనంటోంది. రెన్యువల్‌కు ఏ కార్యాలయానికి వెళ్లాలో రెండింటిలోనూ ఎవరూ రాసి ఇవ్వలేదు. వానాకాలంలో డెల్టా గాలికి ఇనుము నెలలోనే రంగు మారుతుందని ఆయనకు తెలుసు కనుక, పదిహేను రోజులకొకసారి నూనె గుడ్డ, చిన్న సీసా పట్టుకొని స్టేషన్‌కు వెళతారు. హెడ్ కానిస్టేబుల్ గొలుసు విప్పి తుపాకిని బల్ల మీద పెడతాడు. ఆయన నిలబడే రెండు గొట్టాలూ తుడిచి, లోపలికి వెలుతురు పట్టి చూసి, మళ్లీ అప్పగించి, రిజిస్టరులో సంతకం చేసి వస్తారు. ఆ రిజిస్టరులో ఆయన పేరు పక్కన చిరునామా గడిలో ఇప్పటికీ హైదరాబాదు వీధి పేరే ఉంది.