‘నిర్ణయం నాది కాదు, నా మెదడుది’: ఎంతవరకు నిజం?

సిగరెట్ మానాలని వచ్చినతను మూడో సిటింగ్‌లో ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. "చూడండి మేడమ్, మనం అనుకోకముందే మెదడు డిసైడ్ చేసేస్తుందట. ఇక నా చేతుల్లో ఏముంది?" కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్ళ నోట ఈ మాట విని విని విసుగొచ్చింది. మారదామనుకున్న మనిషిని గుమ్మంలోనే కూలబడేస్తుందిది.

ఆ వీడియోలన్నిటికీ మూలం 1983లో మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ చేసిన ప్రయోగం. గుండ్రంగా తిరిగే చుక్కను చూస్తూ, ఇష్టమొచ్చినప్పుడు మణికట్టు కదపమన్నారు, కదపాలనిపించినప్పుడు చుక్క ఎక్కడుందో చెప్పమన్నారు. కదలడానికి అర సెకను ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలైంది. ‘కదపాలి’ అన్న స్పృహ మాత్రం కదలికకు సుమారు 0.2 సెకన్ల ముందు గానీ కలగలేదు. నిజమే. కానీ అక్కడ నిర్ణయమంటూ ఏముంది? ఇప్పుడు కదిపినా, కాసేపాగి కదిపినా ఒరిగేదేం లేదు. పైగా మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక హద్దు దాటినప్పుడు చెయ్యి కదులుతుందనుకుంటే, కదిలిన క్షణం నుంచి వెనక్కి లెక్కేసి చాలాసార్ల సగటు తీసినప్పుడు అలాంటి సంకేతమే కనిపిస్తుందని 2012లో ష్యూర్గర్ బృందం చూపించింది. 2019లో ఇంకో బృందం, ఏ సేవాసంస్థకు విరాళం వెళ్ళాలో నిజంగానే ఎంచుకోమంది. అలా ఆలోచించి తీసుకున్న నిర్ణయాల ముందు ఆ సంకేతం కనబడలేదు.

‘ఏడు సెకన్ల ముందే స్కానింగ్‌లో తెలిసిపోతుంది’ అనేది 2008 నాటి ప్రయోగం. అందులో ఎడమ బటన్ నొక్కుతారా, కుడిదా అన్న అంచనా సరిపోయింది 60 శాతం దాకా. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది!

అతనితో ఇదంతా వాదించలేదు. "ప్యాకెట్ జేబులో పెట్టుకున్నప్పుడే సగం నిర్ణయం అయిపోయింది కదా?" అన్నాను. నవ్వాడు. మర్నాటి నుంచి ప్యాకెట్ ఇంట్లో వదిలి వెళ్ళడం మొదలుపెట్టాడు. మానేశాడని చెప్పను, తగ్గించాడు.

‘అంతా జన్యువుల్లోనే రాసుంటుంది’ అనేవాళ్ళకు ఒక్క మాట: మొగ్గు వేరు, రాత వేరు.

ఇంకొకటుంది, భయస్తుల్ని తినేసేది: ‘చెడు ఆలోచన వచ్చిందంటే నేను కోరుకున్నట్టే’. కాదు. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రాక్‌మన్, డి సిల్వా అడిగిన మామూలు మనుషుల్లో దాదాపు 80 శాతం తమకూ ఇలాంటివి వస్తాయన్నారు. ఆలోచన రావడం మన చేతిలో లేదు, తోసేసేకొద్దీ తిరిగొస్తుంది కూడా. నిద్ర పట్టనివ్వకపోతే చూపించుకోండి, దీనికి మంచి చికిత్స ఉంది. ‘బిడ్డను జారవిడిచేస్తానేమో’ అని వణికిపోతూ వచ్చే తల్లులకు ముందు నా సంగతే చెబుతాను. మా అమ్మాయి నెలల పిల్లప్పుడు మెట్లు దిగుతుంటే నాకూ అదే ఆలోచన. అప్పటికే ఈ వృత్తిలో ఉన్నాను. అయినా ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయాను.