అంకె ఒకటే కాదు, కొలమానమూ చూడాలి: ల్యాబ్ రిపోర్టుల గందరగోళం వెనుక వందేళ్ల కథ

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చే తెలుగువాళ్ల ఫైల్లో రెండు మూడు ల్యాబుల రిపోర్టులు ఉండనే ఉంటాయి. ఊళ్లో ఇచ్చిన కాగితంలో ప్లేట్‌లెట్లు 0.85 అని, ఇక్కడి ఆసుపత్రి కాగితంలో 85 అని ఉంటుంది. మొదటిది లక్షల్లో, రెండోది వేలల్లో. కణాల సంఖ్య మాత్రం అంతే. సింగపూర్‌లో కొడుకు దగ్గర చేయించిన షుగర్ 7.0 అయితే, చెన్నైలో అదే 126. ఈ తేడాలన్నీ ల్యాబుల నిర్లక్ష్యమనుకుంటారు గానీ, వీటిలో ఎక్కువ భాగం పరీక్షలు పుట్టిన తీరులోనే ఉంది.

20వ శతాబ్దం మొదట్లో రక్తంలో చక్కెరను కొలిచే ఫోలిన్-వూ వంటి పద్ధతుల్లో నమూనా రంగును స్టాండర్డ్ ద్రావణం రంగుతో పోల్చేవారు. స్టాండర్డ్‌ను తూచి తయారుచేసేవారు కాబట్టి జవాబూ బరువులోనే వచ్చేది: 100 మి.లీ. రక్తంలో ఇన్ని మిల్లీగ్రాములు. దాన్నే మిల్లీగ్రాం పర్సెంట్ అన్నారు. ఇప్పటి మి.గ్రా./డె.లీ. అదే.

హిమోగ్లోబిన్ పరిస్థితి ఇంకా అధ్వాన్నం. గొట్టంలో పోసిన రక్తం రంగును పోల్చి చూసి ఉత్త శాతంలో చెప్పేవారు. హాల్డేన్ కొలతలో 100 శాతమంటే 100 మి.లీ. రక్తంలో 13.8 గ్రాములు, సాలీ పాత కొలతలో 17.3. అంటే '60 శాతం' అన్న రోగికి ఒక గొట్టం ప్రకారం 8.3, ఇంకో గొట్టం ప్రకారం 10.4 గ్రాములు. ఒకరికి రక్తం ఎక్కించాలేమోనన్న ఆలోచన వస్తుంది, ఇంకొకరికి ఐరన్ మాత్రలతో సరిపోతుంది. 1960లలో సయన్‌మెట్‌హిమోగ్లోబిన్ పద్ధతికి అంతర్జాతీయ స్టాండర్డ్ వచ్చాకే అందరూ గ్రాముల్లోకి దిగారు.

ఎంజైములకైతే కనిపెట్టినవాళ్ల పేర్లే కొలమానాలు: బొడాన్‌స్కీ యూనిట్లు, సొమోగీ యూనిట్లు, కింగ్-ఆర్మ్‌స్ట్రాంగ్ యూనిట్లు. ఒక కింగ్-ఆర్మ్‌స్ట్రాంగ్ యూనిట్ ఇప్పటి లెక్కలో సుమారు 7.1 అంతర్జాతీయ యూనిట్లు/లీటర్. నిమిషానికి ఒక మైక్రోమోల్ (అణువుల సంఖ్యను లెక్కించే మోల్‌లో పది లక్షల వంతు) పదార్థాన్ని మార్చే ఎంజైమును ఒక అంతర్జాతీయ యూనిట్‌గా 1960లలో ఖాయం చేశారు. అయినా తగువు తీరలేదు. ఒక ల్యాబ్ 25 డిగ్రీల దగ్గర, ఇంకొకటి 37 దగ్గర కొలిస్తే కొలమానం ఒకటే అయినా అంకెలు కలవవు. పేరు కలిపినంత మాత్రాన కొలత కలిసినట్టు కాదని ఈ రంగం నేర్చుకున్నది అక్కడే.

1960లో ఎస్‌ఐ అనే అంతర్జాతీయ కొలమానాల విధానం వచ్చింది, 1971లో మోల్ అందులో చేరింది. శరీరంలో రసాయనాలు అణువుల లెక్కన చర్య జరుపుతాయి కాబట్టి బరువు కంటే మోల్ అర్థవంతమన్నది వాదన. 1977లో ప్రపంచ ఆరోగ్య సభ ఎస్‌ఐని సిఫార్సు చేసింది. రక్తపోటుకు పాదరసం మిల్లీమీటర్లను ఉండనిచ్చింది. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా మారాయి, అమెరికా మారలేదు. మన దేశం మెట్రిక్ విధానానికి 1956లోనే చట్టం చేసినా, మిల్లీగ్రాము కూడా మెట్రిక్కే కనుక చట్టానికి అభ్యంతరం లేకపోయింది. ల్యాబుల గుర్తింపుకు ఆధారమైన ఐఎస్ఓ 15189 కూడా ఎస్‌ఐనే వాడాలని పట్టుబట్టదు, ఎస్‌ఐతో ముడిపడ్డ కొలమానం చాలంటుంది.

నిజానికి మి.గ్రా.లను వదిలేసి మిల్లీమోల్‌కు మారడం మనకు అత్యవసరమేమీ కాదు. గ్లూకోజ్‌కు 18, కొలెస్టరాల్‌కు 38.7, క్రియాటినిన్‌కు (ఇది మైక్రోమోల్‌లో) 88.4తో గుణించడమో భాగించడమో చేస్తే లెక్క తేలిపోతుంది. 126 చోట 7 కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. రెండు కొలమానాల్లోనూ నమ్మదగినట్టే కనిపించే అంకెలే కొంప ముంచేవి.

యూరియా సంగతి చూడండి. మన రిపోర్టుల్లో ఎక్కువగా బ్లడ్ యూరియా ఉంటుంది, అమెరికా పద్ధతిలో యూరియాలోని నైట్రోజన్ మాత్రమే, అంటే బీయూఎన్. రెండూ మి.గ్రా./డె.లీ. లోనే. బీయూఎన్ 40 అంటే యూరియా 86. డయాలిసిస్ రోగి ల్యాబ్ మారితే ఒక్క రోజులో కిడ్నీ సగం బాగుపడ్డట్టు కనిపిస్తుంది.

కోవిడ్ కాలంలో, రక్తం గడ్డలు కరిగేటప్పుడు పుట్టే డి-డైమర్ పరీక్ష ఇలాగే ఇబ్బంది పెట్టింది. దాన్ని ఎఫ్ఈయూ (FEU), డీడీయూ (DDU) అనే రెండు రకాల యూనిట్లలో చెబుతారు. ఎఫ్ఈయూలో 500 నానోగ్రాం/మి.లీ. అంటే డీడీయూలో సుమారు 250. కొన్ని రిపోర్టుల్లో ఆ మూడక్షరాలే ఉండవు. పైగా కొన్ని కిట్లు మైక్రోగ్రాముల్లో చెబుతాయి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్‌లో అయితే పాత కిట్ 0.04 నానోగ్రాం/మి.లీ. అన్నదాన్ని హై-సెన్సిటివిటీ కిట్ల కొలమానంలో 40 నానోగ్రాం/లీటర్ అని రాయాలి. 0.04 పక్కన 40 చూసిన బంధువులు హడలిపోవడంలో వింతేముంది?

ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో కొలమానం మార్చడమంటే ఒక్క గడి మార్చడం కాదు. రిఫరెన్స్ రేంజ్ (మామూలు విలువల పరిధి), డాక్టరుకు ఫోన్ చేయాల్సిన క్రిటికల్ పరిమితి, పాత ఫలితంతో పోల్చే డెల్టా చెక్, దశాంశ స్థానాలు, మెషిన్‌ను సరిచూసే కంట్రోల్ నమూనాల విలువలు అన్నీ ఒకేసారి మారాలి. ఎక్కువగా తప్పేది రేంజ్ దగ్గరే: ఫలితం కొత్త కొలమానంలో, రేంజ్ పాతదాంట్లో. ప్రతి పరీక్షకూ తక్కువ, మామూలు, ఎక్కువ స్థాయిల్లో మూడు నమూనాలు నడిపి, మెషిన్ తెరపై అంకెనూ ముద్రించిన రిపోర్టునూ పక్కపక్కన పెట్టి చూశాకే మార్పును అమల్లో పెట్టాలి. ప్లేట్‌లెట్లను లక్షల్లోకి మార్చేటప్పుడు ఒకే దశాంశం ఉంచితే 0.85 కాస్తా 0.9 అవుతుంది. డెంగీ వార్డులో ఆ తేడా చిన్నది కాదు.

2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో రిపోర్టులు ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి ఫైళ్లుగా వెళ్తున్నాయి. కాగితంపైనైతే డాక్టరు కళ్లతో పట్టుకునే తేడాను పట్టించుకోకుండా కంప్యూటర్ గ్రాఫు గీసేస్తుంది. అందుకే ల్యాబ్ పరీక్షలకు అంతర్జాతీయంగా వాడే లోయింక్ సంకేతాల్లో సీరం లేదా ప్లాస్మాలోని (రక్తంలోని ద్రవభాగం) గ్లూకోజ్‌కు బరువు లెక్కన ఒక నంబరు (2345-7), మోల్ లెక్కన వేరే నంబరు (14749-6) ఉన్నాయి. కొలమానాన్ని రాయడానికి యూకమ్ అనే లిపి ఉంది. అందులో మైక్రో గుర్తుకు బదులు ఇంగ్లిష్ 'యు' అక్షరం వాడతారు, ఆ గుర్తు కొన్ని ప్రింటర్లలో చెరిగిపోయి మైక్రోగ్రాము వట్టి గ్రాముగా మిగలకుండా. అన్ని ల్యాబులూ ఈ సంకేతాలు వాడేదాకా పాత రిపోర్టుల అంకెలను కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించేటప్పుడు కొలమానం గడి ఖాళీగా ఉంటే ఆ ఫలితాన్ని గ్రాఫులో చేర్చకపోవడమే మేలు. ఫోన్లో ఫలితం చెప్పేటప్పుడు కూడా '85' అని ఊరుకోకుండా 'ఎనభై అయిదు వేలు' అనాలి, అవతలివాళ్ల చేత తిరిగి చెప్పించుకోవాలి.