క్లిక్‌మన్న రైఫిల్, పేలని తూటా

మా వీధిలో డిగ్రీ రెండో ఏడాది చదివే అమ్మాయి ఎన్‌సీసీ క్యాంపు నుంచి వచ్చీ రాగానే మా ఇంటికొచ్చింది. "అంకుల్, అయిదు రౌండ్లిస్తే రెండు పేలలేదు. క్లిక్‌మని ఊరుకుంది. ఆ రైఫిల్ దరిద్రపుదట, ఆ నంబరు ఎవరికొచ్చినా టెన్షనే. తుపాకీకి అలా ఉంటుందా?"

ఉండదమ్మా. కానీ ఆ క్లిక్ వెనక ఉన్న సంగతి నాకు ఎప్పటికీ తనివి తీరనిది.

అది .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే 0.22 అంగుళాల సన్న గుండు కాల్చేది, వెనక బోల్ట్ అనే గడియని చేత్తో లాగి మూసేది. బోల్ట్ వెనక్కి లాగడం, తూటా పెట్టడం, పిడి దించడం లాంటివి క్యాంపులో ఎలాగూ అప్పజెప్పిస్తారు, నేను చెప్పను. అసలు కథ ట్రిగ్గర్ నొక్కాక మొదలవుతుంది. దీపావళికి తుపాకీ బిళ్ళలు కాల్చిన వాళ్ళందరికీ ఆ కథ తెలుసు. ఆడుకునే తుపాకీ విరిగిపోయాక బిళ్ళని గచ్చు మీద పెట్టి రాయితో కొడతాం. టప్! అదే బిళ్ళని ఇసుకలో పెట్టి కొడితే లోపలికి దిగబడుతుందే కానీ పేలదు. గచ్చు మీదే పెట్టి రాయితో మెల్లగా అదిమినా పేలదు. కింద గట్టి గచ్చు ఉండాలి, పైనుంచి చురుకైన దెబ్బ పడాలి, మధ్యలో మందు నలగాలి.

.22 తూటాలో ఆ మందు అడుగు మధ్యలో ఉండదు. ఇత్తడి గొట్టం అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది చూడండి, అది లోపల బోలు. తడి మందు ముద్దని గొట్టంలో వేసి గిరగిరా తిప్పితే అది చెదిరి ఆ అంచులోకి చేరుతుంది, తర్వాత ఆరబెడతారు. రాపిడి పెరగడానికి అందులో గాజుపొడి కూడా కలుపుతారు. అగ్గిపెట్టె పక్కనుండే గరుకు పట్టీలోనూ గాజుపొడే ఉంటుంది. తూటా అంచు మందం కాస్త అటూ ఇటూగా ఒక మిల్లీమీటరు. బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిని ఛాంబర్ అంటారు, తూటా అంచు దాని అంచుకి ఆని కూర్చుంటుంది. ఆ ఉక్కు అంచే మన గచ్చు, ట్రిగ్గర్ నొక్కితే బోల్ట్‌లోంచి వచ్చి కొట్టే ఫైరింగ్ పిన్ అనే ఉక్కు ముల్లు మన రాయి.

"పేలనివాటిని మళ్ళీ కొట్టి చూశారా?" అని అడిగాను. ఒకటి రెండోసారి పేలిందట. ఇంకోటి రెండోసారీ పేలలేదు. ఉస్తాద్ (శిక్షణ ఇచ్చే ఆయన) దాన్ని బయటికి తీసి, కాస్త తిప్పి పెట్టాక పేలిందట.

నాకు ప్రాణం లేచొచ్చింది. రెండూ రెండు వేరువేరు జబ్బులు! .22 గుండు సీసంది, పైన మైనంలాంటి జిడ్డు పూత ఉంటుంది. కాల్చిన ప్రతిసారీ ఆ జిడ్డు, మసి, కాలని మందు ఛాంబర్ మూతి దగ్గర వలయంలా పేరుకుంటాయి. కొత్త తూటా ఆ వలయం దగ్గర వెంట్రుకవాసి ముందే ఆగిపోతుంది. అంచు ఉక్కుకి ఆనదు, అంటే బిళ్ళ ఇసుకలో ఉన్నట్టే. మొదటి దెబ్బ తూటాని లోపలికి నెట్టడానికే సరిపోతుంది. రెండో దెబ్బకి తూటా గచ్చు మీదికి చేరి ఉంటుంది, పేలుతుంది. ఇక తిప్పితే పేలిన రెండోదానిలో ఆ ఒక్క చోట అంచులో మందు సరిగ్గా పరచుకోలేదు. అది తూటా లోపం, రైఫిల్ తప్పేం లేదు.

మెల్లగా పడే రాయి సంగతి ఇంకా బాగుంటుంది. నా రోజుల్లో డిసెంబరులో అరకు క్యాంపు. తెల్లవారుజామున ఫైరింగ్‌లో వరసగా క్లిక్, క్లిక్. తొమ్మిదింటికి ఎవరో కొబ్బరికాయ కొట్టారు, ఆ తర్వాత అన్నీ పేలాయి. ఆ మహిమ గురించి ఏళ్ళ తరబడి చెప్పుకున్నాం. ఎండెక్కిందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. బోల్ట్ లోపల పిన్ను చుట్టూ ఉన్న పాత నూనె చలికి చిక్కబడింది, ఎండకి పలచబడింది, అంతే. దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మంచిదే, బోల్ట్ విప్పి చూసుకోవడమూ మంచిదే.

చిక్కటి నూనెలో ఒక మాయ ఉంది. వేలితో నెడితే పిన్ను హాయిగా కదులుతుంది, లోపమే కనబడదు. కానీ నూనె చేసే నిరోధం వేగంతో పాటు పెరుగుతుంది. ఆముదంలో గరిటె మెల్లగా తిప్పితే తెలియదు, గబగబా తిప్పండి, చెయ్యి పట్టేస్తుంది. పిన్ను తన ప్రయాణాన్ని కొన్ని మిల్లీసెకన్లలో ముగించాలి. పైగా దెబ్బలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం 30 శాతం తగ్గితే 0.7ని 0.7తో గుణించండి: 0.49. శక్తి సగానికి పడిపోయింది! కుట్టుమిషన్‌కి వంటనూనె పోసి, ఆర్నెల్ల తర్వాత అది బంకలా పట్టేస్తే తిట్టుకున్న వాళ్ళకి ఇది కొత్త కాదు.

అందుకే ఖాళీ కేసుల్ని, అంటే కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాల్ని లెక్కపెట్టి అప్పగించే ముందు వాటి అంచుల్ని చూడమన్నాను. నొక్కు లోతుగా, స్పష్టంగా ఉంటే దెబ్బ బాగానే పడుతోంది. అన్నిటి మీదా పైపైన గీసినట్టుంటే బోల్ట్ విప్పి, కిరసనాయిలుతో కడిగి, పొడిగా తుడిచి, పలచటి నూనె ఒక్క చుక్క రాయాలి.

శుభ్రం చేయడం నేర్పే తీరు మీద నాకో బాధ ఉంది. తనిఖీలో బ్యారెల్‌లోంచి వెలుతురు చూస్తారు, కాబట్టి పిల్లలు బ్యారెల్‌నే అద్దంలా తోముతారు. పుల్ త్రూకి (బ్యారెల్ శుభ్రం చేసే తాడుకి) చిందీ, అంటే గుడ్డముక్క కట్టి లాగితే అది బ్యారెల్ కొలతకే సరిపోతుంది, వెడల్పయిన ఛాంబర్‌ని గట్టిగా తాకదు. జబ్బున్న చోటు వదిలేసి పక్క చోటికి మందు రాసినట్టు! ఛాంబర్‌కి విడిగా బ్రష్ కావాలి. తాడు కూడా తిన్నగా లాగాలి, పక్కకి లాగితే బ్యారెల్ మూతి ఒరిసి అరుగుతుంది. సరదాకి ఖాళీ రైఫిల్‌ని క్లిక్, క్లిక్‌మనిపించకూడదు. తూటా లేనప్పుడు పిన్ను నేరుగా ఛాంబర్ అంచుని కొట్టవచ్చు. అక్కడ ఉక్కు నొక్కుకుని చిన్న గరుకు లేస్తుంది, తర్వాతి తూటా దానికి తట్టుకుని సరిగ్గా కూర్చోదు.

క్లిక్‌మన్న వెంటనే బోల్ట్ తెరవకూడదు. మందు ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంది. రైఫిల్‌ని గురి వైపే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగి, చెయ్యెత్తాలి. మిగతాది ఉస్తాద్ చూసుకుంటారు.

తర్వాతి వారం ఆ అమ్మాయి కాగితంలో చుట్టి ఒక చిందీ ముక్క తెచ్చింది. ఉస్తాద్‌ని అడిగి, పుల్లకి చుట్టి ఛాంబర్ మూతి తుడిచిందట. నల్లటి జిడ్డు, మధ్యలో బూడిద రంగు రేణువులు తళుక్కుమంటున్నాయి. "ఆ మెరిసేవేంటి అంకుల్?" అంది, వేలితో తడుముతూ. సీసమమ్మా, ముందు సబ్బుతో చేతులు కడుక్కురా అన్నాను.