గుర్రం ఎద్దు కాదు: గుర్రపు శూల (కడుపునొప్పి) మీద అపోహలు - వాస్తవాలు

విజయనగరం జిల్లాలో పశువైద్యుడికి రోజంతా ఆవులు, గేదెలు, మేకలే. గుర్రం పెళ్ళిళ్ళ సీజన్లో తగులుతుంది, అదీ అర్ధరాత్రి ఫోన్లో. "డాట్రు బాబూ, మా గుర్రానికి గేసు పట్టీసింది, నూనె పోసీమంటారా?" వద్దని నేను అనేలోపే సగం సీసా ఖాళీ అయి ఉంటుంది. వాళ్ళను తప్పుపట్టలేను. ఎద్దుకు చేసే వైద్యం తాతల నాటి నుంచి చేతికి అలవాటు. ఆ అలవాటే గుర్రం ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: గొట్టంతో నూనె పోస్తే కడుపులోది జారిపోతుంది.

వాస్తవం: ఎద్దుది నాలుగు అరల పొట్ట. మేత నెమరుకు వెనక్కి వస్తుంది, గాలి త్రేన్పుగా పోతుంది. గుర్రానిది ఒకే పొట్ట, ఒంటితో పోలిస్తే చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుందంతే. అన్నవాహిక పొట్టలో కలిసే చోట కండరం ఎంత బిగువంటే, గుర్రం వాంతి చేసుకోలేదు. నిండిన పొట్టలో ఇంకా పోస్తే అది పగిలిపోవచ్చు. తల పైకెత్తి పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. నెల్లిమర్ల దగ్గర ఒక గుర్రానికి అలాగే పోశారు. శూల తగ్గింది, నిమోనియాతో పోయింది. మేమూ పారఫిన్ నూనె వాడతాం. కానీ ముక్కులోంచి పొట్టదాకా ట్యూబు వేసి, లోపల ఏముందో బయటికి తీసి చూశాకే.

ఇంకొందరు ఉబ్బిన ఎద్దుకు చేసినట్టు డొక్కలో పొడుస్తామంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

అపోహ: కాళ్ళు చాపి నిలబడిందంటే మూత్రం బిగిసినట్టే.

వాస్తవం: ఎద్దుల్లో రాళ్ళు అడ్డుపడి మూత్రం ఆగడం మామూలే కాబట్టి ఈ అనుమానం వస్తుంది. గుర్రం మాత్రం కడుపునొప్పికే ఎక్కువగా అలా సాగి నిలబడుతుంది. మిగతా గుర్తులు కూడా చూడండి. మెడ తిప్పి డొక్క వైపు చూసుకుంటుంది. ముందుకాలితో నేల గీరుతుంది. పైపెదవి ముడుస్తుంది. దాణా ముట్టదు. చెవుల వెనక చెమట పడుతుంది. లద్దె తగ్గుతుంది, లేదా చిన్న గట్టి ఉండలుగా పడుతుంది. మూత్రం కోసమని బార్లీ నీళ్ళు పట్టించుకుంటూ కూర్చున్న ఆ రెండు గంటలే వైద్యానికి అసలు సమయం.

అపోహ: పొర్లితే పేగు మెలిపడుతుంది, రాత్రంతా నడిపించాలి.

వాస్తవం: పొర్లడం వల్లే మెలిపడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నొప్పికే అది పొర్లుతుంది. గోడకో గట్టుకో కొట్టుకుంటుందనుకుంటే పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిపించండి. ఊరేగింపులో అలిసిన జీవాన్ని తెల్లారేదాకా తిప్పితే మిగిలిన ఓపికా పోతుంది. కదలకుండా పడుకుంటే పడుకోనివ్వండి.

అపోహ: నొప్పి తగ్గితే గండం గడిచినట్టే.

వాస్తవం: ఇది నేనే నమ్మి దెబ్బతిన్న అపోహ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గుర్రానికి నొప్పి సూది వేశాను. అరగంటలో తేరుకుంది, నేను ఇంటికి వెళ్ళిపోయాను. తెల్లారి వెళ్ళేసరికి చిగుళ్ళు ముదురు ఎరుపుకు తిరిగాయి, చెవులు చల్లబడ్డాయి, నాడి అందడం లేదు. సూది నొప్పిని కప్పింది, పేగు మెలి అలాగే ఉంది. మందేమీ వెయ్యకుండానే నొప్పి ఒక్కసారిగా ఆగి, చెమటతో వణుకుతుంటే అది ఇంకా చెడ్డ గుర్తు, లోపల పగిలి ఉండొచ్చు. లద్దె వేసిందని నిశ్చింతగా ఉండకండి. అడ్డం అవతల ఉన్న పాత లద్దె కూడా పడుతుంది.

అందుకే నాడి చూడమంటాను. కింది దవడ ఎముక లోపలి అంచున వేళ్ళు జరిపితే తాడులా ఒక రక్తనాళం తగులుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. నిమ్మళంగా ఉన్న పెద్ద గుర్రానికి 28 నుంచి 44. అరవై దాటితే ఆలోచించకుండా ఫోన్ చెయ్యాలి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి.

అపోహ: చెమటతో ఉన్న గుర్రానికి నీళ్ళు పెడితే శూల వస్తుంది.

వాస్తవం: నీళ్ళు చాలకే పేగులో మేత గట్టిపడుతుంది. గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్లు తాగుతుంది, ఎండలో ఇంకా ఎక్కువ. అసలు ముప్పు ఊరేగింపు అయ్యాక ముద్దుగా పెట్టే బకెట్టు ఉలవలు, పెళ్ళింట మిగిలిన అన్నం. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు సరే, ఒక్కసారే పెట్టమనలేదు. మేత ఏది మార్చినా వారం పది రోజుల మీద కొద్దికొద్దిగా మార్చండి.

కళింగపట్నం, బారువ వైపు ఇసుక నేల మీద గడ్డి పరిచే వాళ్ళకు ఒక మాట. నాలుగైదు లద్దె ఉండల్ని బకెట్టు నీళ్ళలో కలిపి కాసేపు ఆగి, పైనీళ్ళు వంచి అడుగు తడమండి. వేళ్ళకు ఇసుక గరగరలాడితే రేపటి నుంచి గడ్డి తొట్టిలో వెయ్యండి.

శూల అనుమానం రాగానే గడ్డి, దాణా తీసేసి ఫోన్ చెయ్యండి. మీ డాక్టరు అందకపోతే పశువుల అంబులెన్సుకు 1962. నొప్పి ఎప్పుడు మొదలైంది, చివరిగా లద్దె ఎప్పుడు వేసింది, నిన్న ఏం తిన్నది, నాడి ఎంత, ఇప్పటికే ఏం పోశారు, ఇవి చెప్పండి. నూనె పోసి ఉంటే దాచకండి. తిట్టను.