చుక్కల మందు ఎవరు కనిపెట్టారు?

బంగారాలూ,

చెల్లికి బుధవారం చుక్కలు వేయించుకొచ్చాక ఫోన్లో అడిగారు కదా, పసిపిల్లలకి రోటావైరస్ విరేచనాలు రాకుండా నోట్లో వేసే ఆ చుక్కల టీకా రోటావాక్ మన హైదరాబాద్ టీకాల కంపెనీ భారత్ బయోటెక్ వాళ్ళదైతే మరి ఢిల్లీలో దొరికిందని సిస్టరుగారు ఎందుకన్నారు తాతయ్యా అని. రెండూ నిజమే. ఎలాగంటే, పెరుగు తోడు సంగతి చెప్తా వినండి.

మా చిన్నప్పుడు ఇంట్లో తోడు అయిపోతే అమ్మ నా చేతికి చిన్న గిన్నె ఇచ్చి వెనకింటి పిన్నిగారి దగ్గరికి పంపేది, ఆవిడ పెరుగు గరిటెతో తీస్తే గడ్డలా లేచేది, దార్లో వేలు ముంచి నాకకుండా ఇంటికి తేవడమే నాకు పెద్ద పరీక్ష. తెచ్చేది ఒక్క చెంచాడే. పాలు మావి, కాచేది అమ్మ, వేలు పెట్టి చూసి గోరువెచ్చగా ఉంటేనే తోడేసేది. ఒకసారి అక్క తొందరపడి కాగే పాలల్లో వేసేసింది, తెల్లారి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. తోడు మంచిదే, చెయ్యి తెలియాలి కదమ్మా.

ఈ మందుకి తోడు 1985-86లో ఢిల్లీలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎయిమ్స్‌లో దొరికింది. అక్కడ పురిటి పిల్లల వార్డులో కొందరికి రోటావైరస్ సోకింది గానీ విరేచనాలు కాలేదు, పైగా తర్వాత ఆ జబ్బు వాళ్ళని గట్టిగా పట్టుకోలేదు. డాక్టర్ ఎం.కె. భాన్ గారు, ఆయనతో ఉన్నవాళ్ళు ఆ వైరస్‌ని పట్టుకుని దాచారు, దాని పేరు 116ఈ. ఇంకో వింత చెప్పనా, మనుషుల వైరసే అయినా దాన్లో ఒక జన్యువు ఆవుల వైరస్‌ది! అదెప్పుడు ఎలా కలిసిందో తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

భారత్ బయోటెక్ వాళ్ళు అన్నీ మేమే కనిపెడతామని కూర్చోలేదు, ఆ తోడు తెచ్చుకున్నారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, పాత్ అనే సంస్థ, ఇక్కడ మన కేంద్ర ప్రభుత్వం, ఎంతమంది చెయ్యి వేశారో. కానీ పాలు మాత్రం వీళ్ళవే, అంటే ఆ వైరస్‌ని పెంచడం, ప్రతి సీసా ఒకేలా వచ్చేట్టు ఫ్యాక్టరీలో చెయ్యడం, డోసు ఒక డాలరుకే ఇస్తామని మాటిచ్చి నిలబడటం. సొంత పనివాళ్ళు, సొంత ల్యాబు లేని కంపెనీకి ఎంత మంచి తోడిచ్చినా అది అక్క వేసిన తోడే. ఎవర్నీ అడగనివాళ్ళ ఇంట్లో పాత తోడే తిరిగి తిరిగి పెరుగు పులిసిపోతుంది. ఎంత ఇంట్లో చేసుకోవాలి, ఎంత బయట నుంచి తెచ్చుకోవాలి అన్నదానికి కొలత నేను చెప్పలేను, అమ్మకి వేలే కొలత.

ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లల మీద పరీక్షించాక 2014లో అనుమతొచ్చింది, 2016లో ప్రభుత్వం ముందుగా వెయ్యడం మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రా ఒకటి. మా రోజుల్లో ఎండాకాలం వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు తాగించి దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. మీ చెల్లికి ఆ అవస్థ తగ్గినందుకు పేరు ఎవరిదైనా నాకు సంతోషమే.

చెల్లికి పదో వారంలో వేసే చుక్కలకి వెళ్ళినప్పుడు మీరూ వెళ్ళండి. సీసా ఒకసారి చూపించమని సిస్టరుగారిని మర్యాదగా అడగండి. దాని మీద గుండ్రని గుర్తులో చిన్న చదరం ఉంటుంది, వేడి తగిలితే అది నల్లబడుతుంది. ఆ రోజు ఏ రంగులో ఉందో చూసి నాకు బొమ్మ గీసి పంపండి.

మీ తాతయ్య