కుట్టే ముందు కాగితాన్ని తడిపి చూడండి

పిల్లలూ,

మీరు చేసిన నోటుబుక్కు రెండుసార్లు తెరవగానే పేజీలు ఊడిపోయాయని రాశారు. జిగురు తక్కువైందేమో అన్నారు, కానీ తక్కువైంది దారం. విడి కాగితాలను అంచున అతికిస్తే తెరిచిన ప్రతిసారీ లాగుడంతా ఆ జిగురు మీదే పడుతుంది. అదే కాగితాన్ని మడిచి, మడతలోంచి కుట్టారనుకోండి, ఇక ఊడే ప్రసక్తే లేదు.

ముందు ఒక పని చేయండి. కాగితం తయారయ్యేటప్పుడు గుజ్జు కదులుతున్న జాలీ మీద పడుతుంది, అందుకే పీచు ఎక్కువగా ఆ నడిచే దిక్కుకే సర్దుకుంటుంది. చదరంగా ఒక ముక్క కత్తిరించి, పెద్ద కాగితంలో పొడవు ఎటో తెలిసేలా పెన్సిల్‌తో గీత పెట్టి, ఒక పక్కనే తడపండి. చూస్తుండగానే గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఎటుంటే పీచు అటు. తడి తగిలితే పీచు లావెక్కుతుంది గానీ పొడవు పెద్దగా పెరగదు, ఆ చుట్టుకోవడం అందుకే.

ఈ సంగతి తెలియక నేను మొదటి పుస్తకానికి అట్టలు అడ్డదిడ్డంగా అతికించాను. రెండు రోజులకు పడవలా వంగిపోయాయి, ఎంత బరువు పెట్టినా చదును కాలేదు. చాలా బాధేసింది. అప్పటినుంచి పీచు చూడకుండా కాగితం మడవను.

ఏ4 కాగితాల్లో పీచు చాలావరకు పొడవు వెంబడే ఉంటుంది. దాన్ని నేరుగా సగానికి మడిస్తే మడత పీచుకు అడ్డంగా పడుతుంది. అందుకే నాలుగు కాగితాలు తీసుకుని, ఒక్కోదాన్ని పొడవు సగానికి అడ్డంగా రెండు ముక్కలు చేసి, ఆ ఎనిమిది ముక్కలనూ మళ్లీ పొడవు సగానికి మడవండి. ఇప్పుడు మడత పీచు వెంబడే వస్తుంది, గోరుతో రాస్తే చాలు కత్తి అంచులా నిలుస్తుంది. ఒకదాంట్లో ఒకటి దూర్చి, కాస్త మందంగా ఉన్న కాగితం పైన కప్పితే 32 పేజీల పుస్తకం.

కట్టను తెరిచి, మడత గీత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు చేయండి: నడిమిన ఒకటి, రెండు కొసలకు రెండు సెంటీమీటర్ల లోపల చెరొకటి. పుస్తకం ఎత్తుకు మూడు రెట్ల దారం తీసుకుని, కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే చిక్కుపడదు. లోపలినుంచి నడిమి రంధ్రంలో సూది బయటికి తీయండి, కొస మాత్రం లోపల వదిలేయండి. పై రంధ్రంలోంచి లోపలికి, అక్కణ్ణుంచి నడిమి దాన్ని దాటుకుని కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ నడిమి దాంట్లోంచి లోపలికి. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉంటాయి, వాటిని పొడుగు కుట్టుకు అటొకటి ఇటొకటి ఉంచి ముడేయండి. బిగించేటప్పుడు దారాన్ని మడత వెంబడే లాగాలి. పైకి లాగితే కాగితం చిరుగుతుంది, పిల్లలు ఎక్కువగా ఇక్కడే తొందరపడతారు.

ఇది కొత్త పద్ధతేం కాదు. ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర 1945లో తోలు అట్టల పాపిరస్ (ఒక రకం నీటి మొక్క కాడలతో చేసిన కాగితం లాంటిది) పుస్తకాలు దొరికాయి, నాలుగో శతాబ్దం నాటివి. వాటిలో చాలావరకు ఇలా ఒకే కట్టగా మడిచి కుట్టినవే.

లోపలి పేజీల అంచులు కాస్త బయటికి పొడుచుకొస్తాయి, అది మీ తప్పు కాదు. స్కేలు ఆనించి పెద్దవాళ్ల చేత కోయించండి. రాత్రంతా బరువు కింద ఉంచి, పొద్దున తెరిచి, లోపలి ముడి దగ్గర ఫొటో తీసి పంపండి.

మీ అమ్మమ్మ