కణత ధమని ముక్క పరీక్ష: ఎక్కడ మొదలైంది, ఎంతవరకు నమ్మాలి

యాభై దాటిన మనిషికి కొత్తగా తలనొప్పి పట్టుకుని, దువ్వెన తగిలినా మాడు నొప్పి పుట్టి, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడలు పీకుతున్నాయంటే, విజయవాడ సూర్యారావుపేటలోనైనా గుంటూరు కొత్తపేటలోనైనా డాక్టరు జెయింట్ సెల్ ఆర్టరైటిస్ (ధమనుల గోడలు వాచే జబ్బు) అని అనుమానించి, ఒంట్లో వాపును తెలిపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలతో పాటు కణత దగ్గరి ధమని నుంచి ముక్క తీయించమని అడగవచ్చు. రక్తనాళం ముక్క కోస్తారనగానే ఇంటిల్లిపాదీ కంగారు పడటం సహజమే. చెవి ముందు, జుట్టు మొదలయ్యే చోట మత్తు సూది వేసి చేసే చిన్న కోత అది.

1890లో లండన్‌లో జొనాథన్ హచిన్సన్, కణతల మీద ధమనులు ఎర్రగా ఉబ్బి, నొప్పికి టోపీ కూడా పెట్టుకోలేకపోయిన ఒక వృద్ధుడి గురించి రాశారు. ఆ ధమని గోడలో జరిగేదేమిటో మైక్రోస్కోపు కింద చూపింది మాత్రం 1932లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు బేయార్డ్ హార్టన్ బృందం. వాపు వల్ల గోడ దళసరెక్కి, లోపలి దారి ఇరుకై, కంటి నరానికి రక్తం అందకపోతే చూపు పోతుంది. అలా పోయిన చూపు తిరిగి రావడం చాలా అరుదు. 1950 ప్రాంతంలో కార్టిసోన్ అనే స్టీరాయిడ్ మందు వాడకం మొదలయ్యాక ఆ ప్రమాదాన్ని ముందుగానే ఆపే వీలు కలిగింది.

అయితే ఈ వాపు ధమని పొడవునా ఒకే తీరుగా ఉండదు, మధ్యమధ్య మామూలు గోడను వదిలేస్తూ పోతుందని 1976లో మేయో క్లినిక్ వైద్యులే చూపారు. అందుకే కనీసం ఒక సెంటీమీటరు పొడవు ముక్క తీసి, లేబొరేటరీలో పలుచోట్ల పొరలు కోసి చూడాలి. అప్పుడు కూడా ముక్కలో ఏమీ కనిపించనంత మాత్రాన జబ్బు లేదనడానికి వీల్లేదు. ముక్క పరీక్షను అల్ట్రాసౌండ్ స్కానింగ్‌తో పోల్చి చూసి 2016లో వెలువడిన టాబుల్ అనే అధ్యయనంలో, చివరికి ఈ జబ్బేనని తేలినవారిలో ముక్క పరీక్ష పట్టుకున్నది 39 శాతం మందినే. అల్ట్రాసౌండ్ 54 శాతం మందిని పట్టుకుంది. ధమని చుట్టూ నల్లని వలయంగా కనిపించే వాపును అల్ట్రాసౌండ్‌లో గుర్తించవచ్చని 1997లోనే జర్మనీ వైద్యులు చూపించారు. 2018లో యూరప్ వైద్యులు మొదటి పరీక్షగా దానికే మొగ్గు చూపగా, 2021లో అమెరికాలోని కీళ్లవాత వైద్యుల సంఘం ముక్క పరీక్షనే ముందుంచింది. స్కానింగ్‌లో ఈ వలయాన్ని చూసి అలవాటైన చెయ్యి ఊరూరా దొరకదు కనుక, మన దగ్గర ముక్క పరీక్షను పక్కన పెట్టేయడం తొందరపాటే అవుతుందని నా అభిప్రాయం.

ఇక రిపోర్టు వచ్చాకే మందు మొదలుపెడదామనుకోవడం పెద్ద ప్రమాదం. అనుమానం గట్టిదైతే డాక్టరు ఆ రోజే స్టీరాయిడ్ మొదలుపెడతారు. ఆ తర్వాత రెండు వారాల లోపు ముక్క తీసినా వాపు ఆనవాళ్లు సాధారణంగా కనిపిస్తాయి. ముక్కతో పాటు వెళ్లే కాగితం మీద స్టీరాయిడ్ ఏ తేదీన మొదలైందో తప్పక రాయించాలి, ఎందుకంటే ముక్కను మైక్రోస్కోపు కింద చూసే పాథాలజిస్టు తాను చూస్తున్న గోడను ఆ తేదీని బట్టే అంచనా కడతారు.